ఆటిజం ఉన్న పిల్లల్లో విశ్రాంతి వేళ మెదడు కొలత: ఈఈజీ, ఎఫ్‌ఎంఆర్‌ఐ, బ్రెయిన్ మ్యాపింగ్‌లలో ఏది ఎవరికి?

పిల్లవాడు ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నా మెదడు మాత్రం ఊరికే ఉండదు. పెద్దవాళ్ల ఒంటి బరువులో మెదడు వాటా నూటికి 2 పాళ్లు. ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో దాని వాటా దాదాపు 20 పాళ్లు. లెక్కలు చేస్తున్నా, కళ్లు మూసుకుని కూర్చున్నా ఆ ఖర్చులో తేడా కొంచెమే. ఈ తీరిక వేళ జరిగే పనిని కొలవడాన్నే రెస్టింగ్ స్టేట్ రికార్డింగ్ అంటారు. ఆటిజం పరిశోధనలో దీనికి ఇంత గిరాకీ ఎందుకంటే, బిడ్డ ప్రశ్నకు జవాబు చెప్పక్కర్లేదు, బటన్ నొక్కక్కర్లేదు. మాటలు రాని పిల్లల మెదడును కూడా ఈ దారిలో చూడొచ్చు.

కొలిచే పద్ధతులు మాత్రం నాలుగైదు ఉన్నాయి. వాటిలో ఒకటి ఆసుపత్రిలో రోజూ జరిగేది, ఒకటి దేశంలో రెండు మూడు చోట్ల దొరికేది, ఒకటి రంగురంగుల ప్రింటు ఇచ్చి తల్లిదండ్రులను తికమకపెట్టేది. ఎవరు ఏది ఎంచుకోవాలన్నది యంత్రాన్ని బట్టి తేలదు, అడుగుతున్న ప్రశ్నను బట్టి తేలుతుంది. "మా వాడికి ఫిట్స్ ఉన్నాయా?" అన్నది ఒక ప్రశ్న. "ఆటిజం ఉందా లేదా?" అన్నది ఇంకోటి. "ఆటిజం ఉన్న పిల్లల మెదడు గుంపుగా చూస్తే ఎలా వేరు?" అన్నది మూడోది. మొదటిదానికి ఈఈజీ, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు విద్యుత్ తరంగాలను గీసే పరీక్ష, జవాబు చెబుతుంది. మూడోదానికి పరిశోధకులు ఈ యంత్రాలన్నిటితోనూ జవాబు వెతుకుతున్నారు. రెండోదానికి ఇవాళ ఏ యంత్రమూ జవాబు చెప్పదు.

నిర్ధారణకు ఎందుకు పనికిరాదు

ఇక్కడ కొంచెం లెక్క చేయాలి, ఎందుకంటే "70 శాతం కచ్చితత్వం" అన్న మాట వినగానే చాలామందికి ఆశ పుడుతుంది. ఎబైడ్ అనే ఉమ్మడి డేటా భండారం 2012లో బయటకు వచ్చింది. అందులో 17 కేంద్రాల నుంచి 1,112 మంది విశ్రాంత ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కాన్లు ఉన్నాయి: 539 మంది ఆటిజం ఉన్నవాళ్లు, 573 మంది లేనివాళ్లు. ఎఫ్‌ఎంఆర్‌ఐ అంటే మెదడు పనిచేసే చోట రక్తంలో వచ్చే మార్పును చూపే స్కాన్. ఆ స్కాన్ల మీద డీప్ లెర్నింగ్ (కంప్యూటరే తేడాలు నేర్చుకునే పద్ధతి) నడిపితే 2018లో సుమారు 70 శాతం మందిని సరిగ్గా విడదీయగలిగారు. పరిశోధనగా అది మంచి ఫలితమే.

దాన్నే వీధిలోకి తెచ్చి చూడండి. వెయ్యి మంది పిల్లల్లో ఆటిజం ఉన్నవాళ్లు పదిమంది అనుకుందాం. పరీక్ష ఆ పదిమందిలో ఏడుగురిని పట్టుకుంటుంది. మిగిలిన 990 మందిలో నూటికి 30 మందిని, అంటే 297 మందిని, ఆటిజం లేకపోయినా ఉందంటుంది. మొత్తం "ఉంది" అన్న రిపోర్టులు 304. వాటిలో నిజమైనవి 7. తప్పిపోయిన ముగ్గురి తల్లిదండ్రులు "స్కాన్ నార్మల్ అన్నారుగా" అని థెరపీ వాయిదా వేసుకుంటారు. ఆ వాయిదా వల్ల జరిగే నష్టమే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

2017లో ఇంకా ఆశ రేపే ఫలితం ఒకటి వచ్చింది. అప్పటికే ఆటిజం ఉన్న అన్నో అక్కో ఉన్న 59 మంది ఆరు నెలల పాపలను నిద్రలో స్కాన్ చేసి, రెండేళ్ల వయసులో ఆటిజం తేలిన 11 మందిలో 9 మందిని ముందే గుర్తించారు. లేనివాళ్లలో ఒక్కరినీ తప్పుగా లెక్కించలేదు. కానీ 11 మంది అంటే 11 మందే. వాళ్లంతా ముందే ముప్పు ఎక్కువున్న కుటుంబాల పిల్లలు. దీన్ని చూపించి మన ఊళ్లో స్కాన్ రాయించుకోవడానికి వీల్లేదు.

ఆటిజం నిర్ధారణ ఇప్పటికీ బిడ్డను చూసి, ఆడించి, తల్లిదండ్రులతో విపులంగా మాట్లాడి చేసేదే. మన దేశంలో వికలాంగ ధ్రువపత్రానికి వాడే ఐఎస్ఏఏ (ఇండియన్ స్కేల్ ఫర్ అసెస్‌మెంట్ ఆఫ్ ఆటిజం) స్కేలు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ తయారుచేసింది. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. 70 నుంచి 106 వరకు స్వల్పం, 107 నుంచి 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. ఆ 40 అంశాల్లో మెదడు తరంగాల గ్రాఫు ఒక్కటీ లేదు. ఆటిజం సర్టిఫికెట్ కోసం ఈఈజీ తీయించాలని ఎవరైనా చెబితే, ఎందుకో రాసివ్వమని అడగండి.

తల్లిదండ్రులకు: ఈఈజీ ఎప్పుడు అవసరం

ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మామూలు పిల్లల్లో కంటే చాలా ఎక్కువ. చిన్నతనంలో ఒకసారి, కౌమారంలో ఒకసారి ఆ ముప్పు పైకి లేస్తుంది. అయినా ప్రతి బిడ్డకూ ఈఈజీ తీయాలని అమెరికన్ పిల్లల వైద్యుల సంఘం 2020 మార్గదర్శకాలు చెప్పలేదు. నరాల వైద్యుల సంఘాలు 2000లోనే అదే మాట అన్నాయి. తీయాల్సిన సందర్భాలు ఇవి: ఫిట్స్ వచ్చాయి, లేదా పైకి కనబడని ఫిట్స్ ఉన్నాయన్న అనుమానం గట్టిగా ఉంది, లేదా వచ్చిన మాటలు, నేర్చిన పనులు వెనక్కి పోయాయి.

ఈ చివరిది ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య, చక్కగా మాట్లాడే బిడ్డ ఉన్నట్టుండి మాట అర్థం చేసుకోవడం మానేస్తే, చెవుడు వచ్చిందేమో అనిపించేలా ఉంటే, లాండౌ క్లెఫ్నర్ సిండ్రోమ్ అనే అరుదైన జబ్బును తోసిపుచ్చాలి. అందులో మెలకువలో తీసిన ఈఈజీ దాదాపు మామూలుగా ఉండి, గాఢనిద్రలో మాత్రం స్పైకులు (సూదిమొనల్లాంటి అసాధారణ తరంగాలు) వరదలా రావచ్చు. అందుకే ఇలాంటి బిడ్డకు 20 నిమిషాల మెలకువ ఈఈజీ తీసి "నార్మల్" అనడం సగం పరీక్షే. రిక్వెస్ట్ ఫారం మీద "నిద్ర, మెలకువ రెండూ, వీడియోతో" అని ఉందో లేదో చూసుకోండి. ఏడాదిలోపు పాప నిద్ర లేవగానే వరుసగా తల ముందుకు వాల్చి చేతులు ముడుచుకుంటూ ఉలిక్కిపడుతుంటే అది ఇంకా తొందరపడాల్సిన విషయం, ఆ రోజే పిల్లల నరాల డాక్టరును కలవాలి.

ఎక్కువమంది అడిగేది శూన్యంలోకి చూడటం గురించి. ఆటిజం ఉన్న బిడ్డ ఫ్యాన్ వైపు రెండు నిమిషాలు చూస్తూ ఉండిపోవచ్చు. ఇష్టమైన బిస్కెట్ ప్యాకెట్ చప్పుడు చేస్తేనో, భుజం గట్టిగా తడితేనో తిరిగి చూస్తే అది ఫిట్స్ కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అబ్సెన్స్ ఫిట్స్ అయితే సాధారణంగా 5 నుంచి 15 సెకన్లు, తట్టినా పలకరు, ఆగిన చోటు నుంచే మళ్లీ పని మొదలుపెడతారు, రోజులో చాలాసార్లు వస్తుంది. ఫోన్‌లో వీడియో తీయండి: మొహం, రెండు చేతులు ఒకే ఫ్రేములో ఉండాలి, మధ్యలో ఒకసారి పేరు పెట్టి పిలవాలి, ఒకసారి తట్టాలి. చాలాసార్లు ఆ వీడియో డాక్టరుకు ఈఈజీ కాగితం కంటే ఎక్కువ చెబుతుంది.

ఈఈజీలో అక్కడక్కడా స్పైకులు కనిపించి, బిడ్డకు ఫిట్స్ ఎప్పుడూ రాకపోతే? ఆటిజంలో ఇది తరచూ ఎదురయ్యే సంగతే. కాగితానికి మందు వేయకూడదు, బిడ్డకు వేయాలి. ఆ నిర్ణయం పిల్లల నరాల డాక్టరుది.

ఇక ఎంఆర్‌ఐ. ఆసుపత్రుల్లో మత్తు ఇచ్చి తీసే ఎంఆర్‌ఐ మెదడు ఆకారాన్ని చూపిస్తుంది, దాని పనితీరును కాదు. "ఎంఆర్‌ఐ బ్రెయిన్ నార్మల్" అన్న రిపోర్టుకూ విశ్రాంత మెదడు చురుకుకూ సంబంధమే లేదు. తల చుట్టుకొలత అసాధారణంగా ఉండటం, ఒంటి ఒక పక్క బలహీనత, ఫిట్స్, నేర్చినవి పోవడం లాంటివి ఉంటేనే దాని అవసరం.

బ్రెయిన్ మ్యాపింగ్ గురించి

క్యూఈఈజీ, లేదా బ్రెయిన్ మ్యాపింగ్ అనే పేరుతో తల బొమ్మల మీద ఎరుపు, నీలం మచ్చలు ముద్రించి ఇచ్చే రిపోర్టులు చాలా మంది దగ్గర ఉన్నాయి. ఈఈజీ తరంగాలను కంప్యూటర్ వేగాన్ని బట్టి గుంపులుగా, అంటే బ్యాండులుగా విడగొట్టి, ఒక్కో అంకెను అదే వయసు పిల్లల సగటుతో పోల్చి, దూరంగా ఉన్నదాన్ని ఎరుపు చేస్తుంది. పరిశోధకుడి చేతిలో ఇది పనికొచ్చే పనిముట్టే. ఒక బిడ్డ జబ్బు తేల్చడానికి వాడితే ఎక్కడ చెడుతుందో చూడండి.

తల మీద 19 ఎలక్ట్రోడ్లు, 5 బ్యాండులు: 95 అంకెలు. నూటికి ఐదు తప్పొచ్చే గీత పెట్టుకుంటే, ఏ తేడా లేని బిడ్డకు కూడా సుమారు 5 అంకెలు ఎర్రగా వస్తాయి. ఏ భాగం దేనితో కలిసి పనిచేస్తోందో చెప్పే "కనెక్టివిటీ" పేజీ కూడా ఉంటే 19 ఎలక్ట్రోడ్ల మధ్య 171 జంటలు, ఐదు బ్యాండులకు 855 అంకెలు. ఊరికే వచ్చే ఎరుపు గీతలు 43. ఆ పేజీని చూసి భయపడని తల్లి ఉండదు.

ఆ మ్యాప్ ఆధారంగానే న్యూరోఫీడ్‌బ్యాక్ (తన తరంగాలను తెర మీద చూస్తూ మార్చుకునే శిక్షణ), అయస్కాంత ఉద్దీపన ప్యాకేజీలు అమ్ముతుంటారు. ఇవి ఆటిజం మూల లక్షణాలను తగ్గిస్తాయనడానికి నమ్మదగిన ఆధారం ఇంకా లేదు. ఆ డబ్బుతో స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఎన్ని నెలలు నడుస్తుందో లెక్కవేసుకోండి. మా సలహా సూటిగా చెబుతాం: నిర్ధారణకు గానీ చికిత్స ఎంచుకోవడానికి గానీ బ్రెయిన్ మ్యాపింగ్ తీయించవద్దు.

గుంపుగా చూస్తే ఏం కనిపించింది

ఈఈజీలో ఎక్కువగా చెప్పుకునేది ఇంగ్లిష్ యూ అక్షరం ఆకారం. ఆటిజం ఉన్నవాళ్లలో నెమ్మది తరంగాలు డెల్టా, తీటా ఎక్కువ. మధ్యలో ఆల్ఫా తక్కువ. చివర బీటా, గామా మళ్లీ ఎక్కువ. 2013లో వచ్చిన ఒక సమీక్ష ఈ బొమ్మకు పేరు తెచ్చింది. అన్ని అధ్యయనాల్లోనూ ఇది రాలేదు. పని మొదలుపెట్టే విద్యార్థి తెలుసుకోవాల్సింది ఏమిటంటే, ఆ యూలోని ప్రతి భాగానికీ ఒక దొంగ కారణం ఉంది.

బిడ్డ ముందుకూ వెనక్కూ ఊగితే సెకనుకు ఒకటి రెండు చొప్పున తరంగం వస్తుంది, అది డెల్టాలా కనిపిస్తుంది. రెప్పలు కొట్టినా నుదుటి ఎలక్ట్రోడ్లలో అంతే. నిద్రమత్తు వస్తే తీటా పెరుగుతుంది. కళ్లు తెరిచి ఉంటే ఆల్ఫా పడిపోతుంది. ఆటిజం ఉన్న బిడ్డ చెప్పగానే కళ్లు మూసుకోడు కాబట్టి, మూసుకున్న పిల్లలతో పోలిస్తే అతనికి ఆల్ఫా తక్కువే వస్తుంది. పళ్లు కొరికినా, నుదురు ముడిచినా కండరాల విద్యుత్తు బీటా, గామాల్లో పోగవుతుంది. అంటే ఊగుతూ, నిద్రమత్తుతో, కళ్లు తెరుచుకుని, పళ్లు కొరికే ఏ బిడ్డకైనా యూ వస్తుంది. అందుకే రికార్డింగుతో పాటు వీడియో తప్పనిసరి. వీడియో లేని విశ్రాంత ఈఈజీని పిల్లల మీద నమ్మవద్దు.

ఇంకో పొరపాటు వయసు విషయంలో జరుగుతుంది. పెద్దవాళ్ల ఆల్ఫా 8 నుంచి 13 హెర్ట్జ్, అంటే సెకనుకు అన్ని అలలు. కానీ కళ్లు మూసుకుంటే వెనక తలలో వచ్చే ఆ లయ ఏడాది పాపలో సుమారు 6 హెర్ట్జ్, మూడేళ్లకు 8, పదేళ్లకు 10 దగ్గరికి చేరుతుంది. రెండేళ్ల బిడ్డకు పెద్దవాళ్ల హద్దులు పెడితే అతని ఆల్ఫా అంతా తీటా ఖాతాలో పడుతుంది. ఆల్ఫా ఎంత ఉందన్నదాని కంటే దాని శిఖరం ఏ హెర్ట్జ్ దగ్గర ఉందన్నది చూడటం మేలు. ఆటిజం ఉన్న పిల్లల్లో ఆ శిఖరం మాటలతో పనిలేని తెలివితేటల మార్కులతో ముడిపడి కనిపించింది. అలాగే తరంగాల బలాన్ని హెర్ట్జ్ వారీగా గీసిన గీత (స్పెక్ట్రమ్) మొత్తానికీ ఉండే వాలును వేరుచేసి, మిగిలిన గుబ్బలనే లయలుగా లెక్కపెట్టే పద్ధతి 2020 నుంచి వాడుకలోకి వచ్చింది. ఇప్పుడు కొత్తగా రాసే థీసిస్‌లో ఆ విభజన లేకుండా బ్యాండ్ పవర్ (ఒక్కో బ్యాండు బలం) ఒక్కటే ఇస్తే పరీక్షకులు అడుగుతారు.

ఎఫ్‌ఎంఆర్‌ఐ వైపు కథ వేరు. 1995లో భరత్ బిస్వాల్, ఊరికే పడుకున్న మనిషి మెదడులో కుడి, ఎడమ చేతులను నడిపే భాగాలు ఒకే లయలో నెమ్మదిగా ఊగుతున్నాయని చూపించాడు. 2001లో మార్కస్ రైకిల్ బృందం పని లేనప్పుడే చురుగ్గా ఉండే ప్రాంతాల గుంపుకు డిఫాల్ట్ మోడ్ అని పేరు పెట్టింది. ఆటిజంలో దూరపు ప్రాంతాల మధ్య లంకె తక్కువ, దగ్గరి ప్రాంతాల మధ్య ఎక్కువ అన్న సిద్ధాంతం కొన్నేళ్లు ఏలింది. 2012లో మూడు బృందాలు వేరువేరుగా ఒక చేదు నిజం చెప్పాయి: స్కానర్‌లో తల కొంచెం కదిలితే చాలు, దూరపు లంకెలు తగ్గినట్టు, దగ్గరివి పెరిగినట్టు కనిపిస్తాయి. ఆటిజం ఉన్న పిల్లలు ఎక్కువ కదులుతారు. పాత ఫలితాల్లో ఎంత ఆటిజానిది, ఎంత కదలికది అన్న ప్రశ్న అప్పటి నుంచీ వెంటాడుతోంది. ఆ తర్వాత జాగ్రత్తగా చేసిన పనుల్లో చిన్నపిల్లల్లో లంకెలు ఎక్కువగానూ, పెద్దవాళ్లలో తక్కువగానూ కనిపించిన సందర్భాలున్నాయి. కాబట్టి 7 ఏళ్ల వాళ్లనూ 17 ఏళ్ల వాళ్లనూ కలిపి ఒకే గుంపుగా సగటు తీయడం దండగ.

పరిశోధకులకు: యంత్రాల మధ్య ఎంపిక

చిన్నపిల్లలు, మాటలు రానివాళ్లు, పరిమితమైన డబ్బు ఉంటే ఈఈజీ. ఇందులో రెండో ఆలోచన అక్కర్లేదు. మిల్లీసెకన్ల వేగం పట్టుకుంటుంది, బిడ్డ అమ్మ ఒడిలో కూర్చోవచ్చు, ప్రయాణాల్లో కూడా తీసుకెళ్లవచ్చు. దాని బలహీనత స్థలం: చదివేది పుర్రె మీద, పుట్టేది లోపల. పక్కపక్క ఎలక్ట్రోడ్లు ఒకే మూలాన్ని వింటాయి కాబట్టి మామూలు కోహెరెన్స్ (రెండు చోట్ల తరంగాలు ఎంత కలిసి నడుస్తున్నాయో చెప్పే కొలత) "లంకె ఉంది" అని అబద్ధం చెబుతుంది. ఒకే క్షణంలో వచ్చే పోలికను పక్కనపెట్టే కొలతలు వాడాలి.

క్లినిక్‌లో 19 కప్పు ఎలక్ట్రోడ్లు పేస్టుతో అతికిస్తారు. గట్టిగా నిలుస్తాయి, కానీ ఒక్కొక్కటీ గీకి అతికించేసరికి అరగంట, అప్పటికి బిడ్డ ఓపిక అయిపోతుంది. ఉప్పునీటి స్పాంజి వలలో 128 సెన్సర్లు పది నిమిషాల్లో ఎక్కుతాయి, జిడ్డు ఉండదు. అయితే నీరు కారితే పక్క సెన్సర్లు కలిసిపోతాయి, ఆరిపోతే శబ్దం పెరుగుతుంది, కాబట్టి విశ్రాంత రికార్డింగును ముందే ముగించాలి. పేస్టు ఎలక్ట్రోడ్లకు ఇంపెడెన్స్ (చర్మం దగ్గర విద్యుత్తుకు ఎదురయ్యే అడ్డు) 5 కిలో ఓమ్‌లలోపు ఉంచాలి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి గామా చూసేవాళ్లు ఆ చుట్టుపక్కల అంకెలను నమ్మకూడదు. బ్యాండ్ పవర్‌కు కనీసం రెండు నిమిషాల శుభ్రమైన డేటా మిగలాలి. అది మిగలాలంటే ఐదారు నిమిషాలు రికార్డు చేయాలి. మూడేళ్ల పిల్లలకు కళ్లు మూయించే ప్రయత్నం మానేసి, అందరికీ ఒకే మూగ బుడగల వీడియో పెట్టండి. అప్పుడు "విశ్రాంతి" అన్నది రెండు గుంపులకూ ఒకటే అవుతుంది. క్లినిక్ ఈఈజీలో ఊపిరి గట్టిగా పీల్చే పరీక్ష, లైటు మెరుపుల పరీక్ష ఉంటాయి. విశ్రాంత భాగం వాటికంటే ముందే తీయాలి, ఎందుకంటే ఊపిరి పరీక్ష తర్వాత కొన్ని నిమిషాలు తరంగాలు నెమ్మదిగానే ఉంటాయి.

అమ్మ ఒడిలో బిడ్డ ఉన్నప్పుడు ఆమెకు ఒకే ఒక సూచన ముఖ్యం: జోకొట్టవద్దు. వీపు మీద లయగా తడితే ఆ తట్టుడు అచ్చం మెదడు తరంగంలా కాగితం మీద పడుతుంది. కొత్త టెక్నీషియన్లు దాన్ని నెమ్మది తరంగంగా రాసేస్తారు.

మెదడు లోతుల్లో ఏ ప్రాంతం దేనితో కలిసి పనిచేస్తోందన్నదే ప్రశ్న అయితే ఎఫ్‌ఎంఆర్‌ఐ. మూడు మిల్లీమీటర్ల ముక్కల వరకు చూపిస్తుంది. కాలం విషయంలో మాత్రం చాలా మందకొడి. విశ్రాంత లయలు 0.01 నుంచి 0.1 హెర్ట్జ్, అంటే ఒక్క అల పూర్తికావడానికి 10 నుంచి 100 సెకన్లు. 8 నిమిషాల స్కాన్‌లో అన్నిటికంటే నెమ్మది అల ఐదుసార్లు కూడా పూర్తికాదు. రెండు సెకన్లకు ఒక చిత్రం చొప్పున 240 చిత్రాలు వస్తాయి. చిత్రానికీ చిత్రానికీ మధ్య తల 0.2 మిల్లీమీటర్లు, అంటే దాదాపు రెండు కాగితాల మందం, కదిలితే ఆ చిత్రం పారేస్తారు. సగం పోతే మిగిలేది 4 నిమిషాలు, అది చాలామంది పెట్టుకునే కనీస హద్దు. ఉత్తుత్తి స్కానర్‌లో ముందు రోజు సాధన చేయించడం, నెమ్మదిగా మారే ఆకారాల వీడియో చూపించడం, చిన్నవాళ్లను సహజ నిద్రలో తీయడం అన్నవి పనిచేస్తాయి. మత్తు ఇస్తే కదలిక పోతుంది గానీ మెదడు లంకెలే మారిపోతాయి. పరిశోధన కోసం మత్తు ఇవ్వడానికి నైతికంగానూ ఒప్పుకోరు. కదిలిన వాళ్లందరినీ తీసేస్తే మిగిలేది బాగా మాట్లాడే, కుదురైన పిల్లలు. ఆ ఫలితాన్ని ఆటిజం మొత్తానికీ అంటగట్టవద్దు.

మొదటిసారి చేసే విద్యార్థికి మేం గట్టిగా చెప్పేది: సొంత స్కాన్లు మొదలుపెట్టే ముందు ఎబైడ్ వాడండి. 2016లో వచ్చిన రెండో భాగంతో మరో 1,114 మంది తోడయ్యారు, పరిశోధకులకు ఉచితం. అందులో మగపిల్లలు, తెలివితేటల మార్కులు బాగున్నవాళ్లు ఎక్కువన్నది గుర్తుంచుకోండి.

ఎంఈజీ మెదడు అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. ఆ క్షేత్రం భూమి క్షేత్రంలో సుమారు 50 కోట్లవ వంతు, కాబట్టి ప్రత్యేక గది, మామూలు యంత్రాలకు ద్రవ హీలియం కావాలి. ఈఈజీ వేగం, దానికంటే మెరుగైన స్థల కచ్చితత్వం రెండూ ఉన్నాయి. బెంగళూరు నిమ్హాన్స్ లాంటి రెండు మూడు చోట్లే ఉంది, ఎక్కువగా మూర్ఛ ఆపరేషన్ల కోసం. హెల్మెట్ పెద్దవాళ్ల కొలత. చిన్న తల అందులో ఒక పక్కకు జారి, రెండో పక్క సిగ్నలు బలహీనమవుతుంది. అక్కడ సహకారం దొరికితేనే ఆలోచించండి.

ఎఫ్‌నిర్స్ కాంతితో రక్తంలోని ఆక్సిజన్‌ను కొలుస్తుంది. కదలికను కొంత తట్టుకుంటుంది, చప్పుడు ఉండదు. కాంతి పెట్టే చోటు, అందుకునే చోటు మధ్య 3 సెంటీమీటర్లు, చూసే లోతు పైపొర ఒకటి రెండు సెంటీమీటర్లే. మన పిల్లల నల్లని ఒత్తు జుట్టు ఆ కాంతిని మింగేస్తుంది. ప్రతి సెన్సరు కిందా పాయ తీసి వెంట్రుకలు పక్కకు తప్పించాలి. ఆ పని పది నిమిషాలు భరించని బిడ్డకు నుదుటి వరకే సెన్సర్లు పెట్టండి.

బిడ్డను సిద్ధం చేయడం

ఏ యంత్రమైనా పరీక్ష పాడయ్యేది ఎక్కువగా ఇంటి దగ్గరే. ఈఈజీకి ముందు రాత్రి తలకు నూనె ఉండకూడదు. కుంకుడుకాయతోనో షాంపూతోనో రెండుసార్లు రుద్ది, కండిషనర్ పెట్టకుండా ఆరనివ్వండి. నూనె ఉంటే ఎలక్ట్రోడు జారుతుంది, ఇంపెడెన్స్ పెరిగి కాగితమంతా కరెంటు గీతలే వస్తాయి. జడలు, క్లిప్పులు, పూలు వద్దు. ఫిట్స్ మందులు వాడుతుంటే డాక్టరు చెప్పనిదే ఒక్క డోసు కూడా ఆపవద్దు.

నిద్ర ఈఈజీకి మామూలు కంటే ఆలస్యంగా పడుకోబెట్టి తొందరగా లేపమంటారు. ఎంత ముందు, ఎంత ఆలస్యం అన్నది డాక్టరు చెప్పినట్టే చేయండి, నిద్ర తగ్గితే ఫిట్స్ రావచ్చు కాబట్టి. దారిలో ఆటోలో పదిహేను నిమిషాల కునుకు పడితే అక్కడికి వెళ్లాక నిద్రపోడు. ఒకరు నడిపితే ఇంకొకరు పక్కన కూర్చుని మేల్కొలుపుతూ ఉండాలి. నిద్రమందు సిరప్ ఇవ్వాల్సి వస్తే ఆసుపత్రిలోనే ఇవ్వాలి. గురక ఎక్కువున్న బిడ్డ అయితే ముందే చెప్పండి.

తల ముట్టుకోనివ్వని పిల్లలకు వారం పది రోజుల ముందు నుంచే అలవాటు చేయాలి. మొదటి రెండు రోజులు టేపుతో తల కొలవడం ఒక ఆటలా. తర్వాత తడి దూది తల మీద ఒక చుక్క, ఐదు సెకన్లు, ఇష్టమైనది ఒకటి చేతిలో. తర్వాత ఈత టోపీ ఒక నిమిషం, క్రమంగా పది. ఏ మెట్టు దగ్గర ఏడిస్తే దాని కింది మెట్టుకు దిగండి, పైకి తోయకండి. ల్యాబ్‌లో తీసిన ఫోటో ఒకటి ముందే తెచ్చుకుని, టోపీ పెట్టుకున్న బొమ్మతో కథలా చూపించవచ్చు.

ఎంఆర్‌ఐ గదికి వెళ్లేముందు మొలతాడు, తాయెత్తు, పట్టీలు, జడ పిన్నులు, చెవి రింగులు తీసేయాలి. తాయెత్తు తీయడానికి ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే ఆ మాట ఆసుపత్రి గుమ్మం దగ్గర కాక ముందు రోజే మాట్లాడుకోండి.

పరీక్ష అయ్యాక రిపోర్టు కాగితంతో తృప్తిపడకండి. ముడి రికార్డింగు ఫైలు, ఈడీఎఫ్ రూపంలో, వీడియోతో సహా పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకోండి. రికార్డింగు మొత్తం ఎన్ని నిమిషాలు, నిద్ర ఎన్ని నిమిషాలు, ఏ మందు ఇచ్చారు, ఎలక్ట్రోడ్లు ఎన్ని అన్నది రిపోర్టులో ఉందో చూసుకోండి. ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే బిడ్డను మళ్లీ అదంతా పడనివ్వకుండా ఆ ఫైలే చూపించవచ్చు.